గుడాఖు మానేశాను, లాలాజలం రిపోర్టు నమ్మనివ్వడం లేదు

ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. రెండు రిపోర్టుల ఫొటోలు కూడా జతచేశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక ఆ వివరాలు తీసేసి, సంగతి మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 38. పుట్టిల్లు గుణుపురం వైపు, మెట్టినిల్లు పర్లాకిమిడి దగ్గర. ఇంట్లోనే జాకెట్లు కుడతారు. భర్త రోడ్డు పనుల్లో సూపర్‌వైజరు. నెలలో సగం రోజులు రాయగడ, కొరాపుట్ వైపే ఉంటారు. ఇంట్లో అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉంటారు. పదేళ్ల వయసులో మేనత్తను చూసి గుడాఖు, అంటే పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద, వేలికి అద్దుకోవడం నేర్చుకున్నారట. "పళ్లు తోముకోవడమంటే అదే అనుకునేదాన్ని. పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, మిషను ముందు కూర్చుని నడుము పట్టేస్తే ఇంకోసారి. డబ్బీ దగ్గర లేకపోతే చేతులు ఆడేవి కావు" అని రాశారు.

ఈ ఏడాది జనవరిలో వాళ్ల వార్డు బడిలో ఒక దంత వైద్య కళాశాల విద్యార్థులు శిబిరం పెట్టారు. గుడాఖు వాడేవాళ్ల లాలాజలం సేకరించి, అందులో ఆక్సీకరణ ఒత్తిడి (చురుకైన ఆక్సిజన్ అణువులు కణాలకు చేసే దెబ్బ) గుర్తులు ఎంత ఉన్నాయో కొలిచి కాగితం మీద రాసిచ్చారు, మానేయమని నచ్చజెప్పారు. ఆమె సంక్రాంతికి మానేశారు. మే నెలలో, "ఎంత బాగుపడ్డావో చూద్దాం పద" అంటూ భర్తే ఉత్సాహంగా ఒక ప్రైవేటు ల్యాబుకు తీసుకెళ్లారు. అక్కడి నుంచి వచ్చిన రిపోర్టులో అంకె మొదటిదానికి దాదాపు రెట్టింపు ఉంది. ఆ దెబ్బను అడ్డుకునే యాంటీ ఆక్సిడెంట్లు తక్కువని ఎర్రటి గీత ఉంది. పొగాకు వాడేవారిలో ఇలా కనిపిస్తుందని అడుగున ఇంగ్లిషులో ఒక వాక్యం ఉంది. దాన్ని తండ్రికి చదివి అర్థం చెప్పింది కూతురే.

"మానలేదన్నమాట" అని ఆయన ఒక్క ముక్క అన్నారట. ఆ రోజు నుంచి ఇంటికొస్తే మిషను సొరుగు, బియ్యం డబ్బా వెతుకుతున్నారు. అత్తగారు "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అంటున్నారు. ఆ అత్తగారు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. కూతురు తల్లితో మాట్లాడటం తగ్గించింది. ల్యాబు మనిషి నెలకు నాలుగు వేల రూపాయల యాంటీ ఆక్సిడెంట్ గుళికలు ఇంటిల్లిపాదికీ మంచివని చెప్పాడు. తన తల్లికి కూడా పట్టించాలని భర్త అనుకుంటున్నారు.

అంత ముఖ్యం కాదనుకున్నట్టు ఉత్తరం మధ్యలో ఆమె రాసిన కొన్ని మాటలు నాకు చాలా ముఖ్యంగా తోచాయి. గుడాఖు మానిన దగ్గర నుంచి పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. నోరు ఊరుకోలేక సువాసన వక్కపొడి బుగ్గన పెట్టుకుంటున్నారు, "పొగాకు లేనిదే". ల్యాబుకు వెళ్లిన వారం జలుబుకు బిళ్లలు వేసుకున్నారు. ఏప్రిల్‌లో గుణుపురం పెళ్లిలో పిన్ని డబ్బీ చేతికిస్తే ఒక్కసారి అద్దుకున్నారు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి ఈ మధ్య కారం తగిలితే నోరు మండుతోందని పెరుగన్నమే తింటున్నారు.

ఆమె ప్రశ్నలు ఇవి. మళ్లీ పరీక్ష చేయించుకుని నిజం నిరూపించుకోవాలా? ఏ పరీక్ష? లేక కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లిపోవాలా?

జవాబు

అమ్మా, మీరు మొదట తెలుసుకోవలసింది చెబుతాను. ఆ రిపోర్టు మీరు గుడాఖు వాడారని చెప్పడం లేదు. పొగాకు తాలూకు పదార్థం దేన్నీ అందులో కొలవలేదు. నేను దంతవైద్యురాలిని, మీరు పంపిన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

అందులో కొలిచినది మాలోన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థం. మన కణాల పొరల్లో కొవ్వు ఉంటుంది. చురుకైన ఆక్సిజన్ అణువులు శరీరం అదుపు చేయగలిగిన దానికన్నా ఎక్కువగా పుడితే ఆ కొవ్వు చెడి ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఒకటి ఇది. పొగాకు వాడితే పెరుగుతుంది, నిజమే. చిగుళ్లు వాచినా పెరుగుతుంది. అదుపులో లేని మధుమేహం ఉన్నవాళ్లలోనూ ఎక్కువగా కనబడుతుంది. ఇన్ని దారులు కలిసే చోట నిలబడిన అంకెను చూసి, ఎవరు ఏ దారిన వచ్చారో చెప్పలేం. రిపోర్టు అడుగున ఉన్న వాక్యం అబద్ధం కాదు. పొగాకు వాడేవారిలో ఈ అంకె పెరుగుతుంది. పెరిగిన ప్రతివారూ పొగాకు వాడుతున్నారని దాని అర్థం కాదు. మీ ఇంట్లో ఆ వాక్యాన్ని తిరగేసి చదువుకున్నారు.

ఇంకొక సంగతి. మీ మొదటి కాగితంలో అంకె పక్కన లీటరు లాలాజలానికి ఎంత అని ఉంది. రెండో దానిలో లాలాజలంలోని మిల్లీగ్రాము ప్రోటీనుకు ఎంత అని ఉంది. ఒక దుకాణంలో బియ్యం కిలోల్లో తూచి, ఇంకో దుకాణంలో మానికతో కొలిచి, అంకె పెరిగింది కాబట్టి బియ్యం పెరిగాయి అన్నట్టుంది ఇది. మీవారు అంకెలు మాత్రమే పోల్చారు. పక్కనున్న చిన్న అక్షరాలు ఎవరూ చదవలేదు. అందుకే "రెట్టింపు" అన్న మాటను ముందు పక్కన పెట్టేయండి. ఆ రెండు కొలతల మధ్య రెట్టింపూ లేదు, సగమూ లేదు. అవి పోల్చదగినవే కావు.

ఒకే కొలతలో రాసినా ఆ రెండు నమూనాలను పోల్చడం కష్టమే. తీసిన తీరు మీరే ఎంతో వివరంగా రాశారు కాబట్టి చెప్పగలుగుతున్నాను. జనవరి శిబిరంలో పొద్దున్నే, ఏమీ తినకుండా, నోరు కడుక్కుని కాసేపు ఊరికే కూర్చోబెట్టి, తల వంచి లాలాజలాన్ని దానంతట అదే గొట్టంలోకి జారనివ్వమన్నారు. గొట్టాన్ని వెంటనే మంచులో పెట్టారు. పద్ధతి తెలిసినవాళ్లు చేసే పని అది. మే నెలలో మధ్యాహ్నం భోజనం చేసి, "నోరు శుభ్రంగా ఉండాలి కదా" అని పళ్లు తోముకుని, ఎండలో నడిచి వెళ్లారు. నోరు ఎండిపోయి లాలాజలం రాకపోతే, దారిలో నమిలిన వక్కపొడి మళ్లీ కాస్త వేసుకుని ఊరించుకున్నారు. సీసాను కౌంటరు మీదే పెట్టి, సాయంత్రం బస్సుకు పంపిస్తామన్నారు.

ఇందులో ప్రతి ఒక్కటీ కొలతను మార్చగలదు. రోజంతా మనకు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది, కానీ అన్ని వేళలా ఒకేలా ఊరదు. నిద్రలో దాదాపు ఆగిపోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చేది ఎక్కువగా దవడ కింది గ్రంథుల నుంచి వస్తుంది. ఏదైనా నమిలినప్పుడు చెవి ముందున్న పెద్ద గ్రంథి నుంచి పలచటి నీరు పొంగుతుంది. రెండింటి కూర్పు వేరు. జలుబు బిళ్లల్లో చాలావాటికి నోరు ఎండబెట్టే గుణం ఉంది. లాలాజలం తగ్గితే అందులో ఉన్నది చిక్కబడుతుంది. నమూనా తీసిన వేళ, అంతకుముందు పళ్లు తోముకోవడం, విటమిన్ సి తీసుకోవడం, ఈ మూడూ ఇదే రకం కొలతను ప్రభావితం చేస్తాయని 2005లోనే ఒక పరిశోధన చూపింది. ఇక కౌంటరు మీది సీసా మాట. లాలాజలం బయటికి వచ్చాక కూడా అందులోని ఎంజైములు, సూక్ష్మక్రిములు పని ఆపవు. పరిశోధన శాలల్లో ఇలాంటి నమూనాలను మంచులో తెచ్చి, మైనస్ 80 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి దాస్తారు. మే నెల మధ్యాహ్నం కౌంటరు మీద ఉన్న సీసాలో ఏ మార్పు ఎంత జరిగిందో ఎవరూ చెప్పలేరు.

పరీక్ష చేసే తీరు కూడా చెబుతాను, ఎందుకంటే మీ అమ్మాయికి ఇది అర్థమవుతుంది. ఎక్కువ ల్యాబుల్లో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం అనే రసాయనాన్ని లాలాజలంలో కలిపి వేడి చేస్తారు. గులాబి రంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో కాంతి పంపి కొలుస్తారు. అదే మీ కాగితం మీది అంకె. అయితే మాలోన్‌డైఆల్డిహైడ్‌తో పాటు ఇతర ఆల్డిహైడ్లు, కొన్ని చక్కెరలు కూడా ఆ రసాయనంతో చర్య జరిపి రంగునిస్తాయి. సువాసన వక్కపొడిలో తీపి ఉంటుంది కదా. మీ నమూనాలో ఇలాగే జరిగిందని నేను అనడం లేదు, జరగడానికి చోటుందని మాత్రం అంటున్నాను.

యాంటీ ఆక్సిడెంట్ల ఎర్ర గీత కూడా అలాంటిదే. లాలాజలంలో ఆ శక్తిలో ఎక్కువ వాటా యూరిక్ ఆమ్లానిది. తిన్న తిండి, తాగిన టీ, ఊరిన వేగం అన్నీ దాన్ని అటూ ఇటూ లాగుతాయి. ఈ గుర్తులన్నీ పరిశోధనకు ఎంతో పనికొచ్చేవే. ఒకే పద్ధతిలో తీసిన వందల మంది నమూనాలను పోలిస్తే నోటి జబ్బుల తీరు తెలుస్తుంది. కానీ ఒక్క మనిషి విషయంలో ఇంత దాటితే జబ్బు, ఇంత లోపైతే ఆరోగ్యం అని వైద్యులందరూ ఒప్పుకున్న హద్దు ఈ కొలతకు ఇంకా లేదు. ఆ ఎర్ర గీత ల్యాబు తనకు తాను గీసుకున్నదే.

ఇప్పుడు మీ చిగుళ్ల మాట. రక్తం వస్తోందని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నా దృష్టిలో అంకె వెనక అసలు కారణం అదే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. చిగుళ్లు వాచినప్పుడు సూక్ష్మక్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి చురుకైన ఆక్సిజన్ అణువులను కుమ్మరిస్తాయి. క్రిములతో పాటు మన కణజాలమూ దెబ్బతింటుంది. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్ల లాలాజలంలో మాలోన్‌డైఆల్డిహైడ్ ఎక్కువగా ఉండటం, పళ్లు లోతుగా శుభ్రం చేశాక తగ్గడం ఎన్నో పరిశోధనల్లో కనబడింది. చిగుళ్ల రక్తం లాలాజలంలో కలిస్తే కొన్ని కొలతలు, ముఖ్యంగా యాంటీ ఆక్సిడెంట్ల వైపువి, ఇంకా తారుమారవుతాయి.

"మానాక బాగుపడాలి గాని రక్తం రావడమేమిటి?" అని మీవారు అడగవచ్చు. పొగ తాగేవాళ్లలో వైద్యులు దీన్ని బాగా గమనించారు. నికోటిన్ చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను కుదిస్తుంది, అందువల్ల లోపల జబ్బున్నా రక్తం కనబడదు. మానేసిన కొన్ని వారాలకు నాళాలు తేరుకుని, దాగి ఉన్న వాపు బయటపడుతుంది. గుడాఖులో ఉన్నదీ ఆ నికోటినే. పైగా గుడాఖు అంటే పొగాకు, బెల్లం మడ్డి, సున్నం, ఎర్రమట్టి కలిపిన ముద్ద. 28 ఏళ్లు ఆ మట్టితో రుద్దితే పంటి పైపొర అరుగుతుంది, చిగురు కిందికి జారుతుంది. మీరు మానేశారు కాబట్టే ఇప్పుడు రక్తం కనబడుతోందేమో. ఈ ఒక్క మాట మీవారికి ఒక దంతవైద్యుడు చెబితే చాలా మారుతుందని నా నమ్మకం.

అయితే మీకు ఇష్టం కాని మాట కూడా చెప్పాలి. వక్కపొడిలో పొగాకు లేదన్నది నిజమే కావచ్చు, కానీ అది నోటికి మేలు చేసేది కాదు. వక్కలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు, ముఖ్యంగా సున్నంతో కలిసినప్పుడు, నోట్లోనే చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టిస్తాయి. అంటే ఏ ఒత్తిడిని కొలిపించుకున్నారో దాన్ని స్వయంగా పెంచుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో వక్కనే క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో చేర్చింది. వక్క వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు పూర్తిగా తెరుచుకోని జబ్బు వస్తుంది. మీ మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పడుతున్నాయేమో ఇవాళే చూసుకోండి. గుడాఖు చోటులోకి వక్క వచ్చి కూర్చుంది, దాన్ని కూడా లేపాలి. మిషను ముందు కూర్చున్నప్పుడు నోటికి ఏదో ఒకటి కావాలనిపిస్తే లవంగమో, సోంపో, యాలక్కాయో వేసుకోండి. చేతులు ఆడటం లేదనిపిస్తే లేచి నాలుగడుగులు వేసి నీళ్లు తాగండి. ఆ ఆరాటం కొన్ని నిమిషాలకు దానంతట అదే తగ్గుతుంది.

పరీక్షల సంగతికి వస్తాను. మీ ముందు కొన్ని దారులున్నాయి.

లాలాజలం పరీక్ష మళ్లీ చేయించుకోవచ్చు. అలాగైతే శిబిరంలో తీసినట్టే పొద్దున, పరగడుపున, తోముకోకుండా, ఏమీ నమలకుండా, రక్తం కనబడని నమూనా ఇవ్వాలి. మంచులో పెట్టేవాళ్ల దగ్గరే, పాత కొలతలోనే రాసేవాళ్ల దగ్గరే ఇవ్వాలి. అంత చేసినా చిగుళ్లకు వైద్యం కాకుండా చేయిస్తే అంకె మళ్లీ ఎక్కువే రావచ్చు, అప్పుడు ఇంట్లో మంట ఇంకా పెరుగుతుంది. ఈ దారి నేను ఇప్పుడు వద్దంటాను.

కొటినిన్ పరీక్ష అని వేరే ఉంది. నికోటిన్ మన శరీరంలో విరిగి కొటినిన్ అవుతుంది. పొగాకు వాడారా లేదా అన్న ప్రశ్నకు తగిన పరీక్ష అదే. లాలాజలంలోనూ మూత్రంలోనూ చేస్తారు. కానీ అది గడిచిన మూడు నాలుగు రోజుల కథ మాత్రమే చెబుతుంది. మార్చి గురించి గాని ఏప్రిల్ గురించి గాని చెప్పలేదు. అత్తగారి చుట్ట పొగ ఇంట్లో ఉంటుంది కాబట్టి మీ నమూనాలో కూడా కొద్దిపాటి కొటినిన్ కనబడవచ్చు. వాడేవాళ్లలో ఉండేదానికి అది ఎంతో తక్కువ, కానీ "ఉంది" అన్న మాట చాలు గొడవకు. ఇంకో చిక్కు ఉంది. ఈ నెల నిరూపించుకుంటే వచ్చే నెల? మీవారు పని మీద వెళ్లి వచ్చిన ప్రతిసారీ మీరు సీసా పట్టుకుని నిలబడాలా? మీకై మీరు చేయించుకుంటానంటే తప్పు లేదు. ఆయన షరతుగా పెడితే మాత్రం ఒప్పుకోవద్దని నా సలహా.

నేను మొగ్గేది మూడో దారి వైపు. ముందు నోరు చూపించుకోండి. జిల్లా ప్రధాన ఆసుపత్రిలో గాని, వీలైతే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో గాని దంతవైద్యుడిని కలవండి. మిల్లీమీటరు గీతలున్న సన్నని పుల్లను చిగురుకూ పంటికీ మధ్య దించి లోతు కొలుస్తారు. మూడు వరకు మామూలే, నాలుగు గాని ఆపైన గాని ఉంటే లోపల జబ్బుందని అర్థం. ఈ అంకెకు అందరూ ఒప్పుకున్న హద్దు ఉంది. దాంతో పాటు రక్తంలో చక్కెర కూడా చూపించుకోండి. చిగుళ్ల జబ్బు, మధుమేహం ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. శుభ్రం చేయించుకుంటే పళ్లు కదులుతాయని మీ వైపు భయపెడతారు. గార వల్ల బిగుసుకున్నట్టున్న పన్ను గార పోయాక కొద్దిగా వదులుగా తోస్తుంది, అంతే. చిగురు మానాక గట్టిపడుతుంది. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకుంటే రక్తం తగ్గిందో లేదో అద్దంలో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా లాలాజలం అంకె చూడాలనిపిస్తే అప్పుడు చేయించుకోండి.

గుళికల మీద నాలుగు వేలు పోయకండి. ఒకరికి డబ్బు దండుగ, మరొకరికి ప్రమాదం కూడా కావచ్చు. యాంటీ ఆక్సిడెంటు కదా, మేలే చేస్తుందనుకుని ఫిన్లండులో పొగ తాగే 29 వేల మందికి పైగా మగవాళ్లపై బీటా కెరోటిన్ పరీక్షించారు. 1994లో ఫలితాలు వచ్చాయి: ఆ గుళికలు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, పెరిగింది. అమెరికాలో జరిగిన మరో పెద్ద పరీక్ష కూడా అదే చెప్పింది. మీ అత్తగారు ఏళ్ల తరబడి పొగ తాగిన మనిషి. ఆ డబ్బాలో ఏమేమి ఉన్నాయో చూడకుండా, వైద్యుణ్ణి అడగకుండా ఆవిడకు పట్టించడం మంచిది కాదని మీవారికి గట్టిగా చెప్పండి. జామపండు, ఉసిరి, ఆకుకూరలు తినండి.

ఏప్రిల్ పెళ్లి గురించి. ఒక్కసారి అద్దుకున్న గుడాఖు మే నెల అంకెను మార్చి ఉండదు, ఆ దిగులు వద్దు. 28 ఏళ్ల అలవాటును వదిలేవాళ్లు మధ్యలో ఒకసారి జారడం ఎంతో మామూలు. మళ్లీ మర్నాడు ముట్టుకోలేదు చూశారా, అది గొప్ప. ఒడిశాలో పెద్దవాళ్లలో ప్రతి పదిమందిలో నలుగురికి పైగా పొగలేని పొగాకు వాడుతున్నట్టు 2016-17 జాతీయ సర్వే చెప్పింది. అంతటి గాలిలో మీరు ఎదురీదుతున్నారు. మీవారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకపోతే ఇప్పటికి శాంతి ఉంటుంది గాని, ఎప్పుడో ఏ పేరంటంలోనో పిన్ని నోరు జారితే మీరు చెప్పిన మిగతా నిజాలన్నీ చెల్లకుండా పోతాయి. చెబితే ఆ రోజుకు ఆయన "చూశావా" అంటారు, కానీ మీ లెక్క తేటపడుతుంది. నేనైతే చెప్పమంటాను, అదీ దంతవైద్యుడిని కలిసి వచ్చాక.

ఆయన సొరుగులు వెతకడం తప్పు. ఆ మాట ఆయనతో అనడానికి మీకు హక్కు ఉంది. అయినా ల్యాబుకు తీసుకెళ్లింది మిమ్మల్ని పట్టుకోవడానికి కాదని, సంబరపడటానికని మీరే రాశారు. ఆ ఆశ భంగమైన మనిషితో మాట్లాడుతున్నానని గుర్తుపెట్టుకుంటే మాట మెత్తగా వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు అత్తగారు లేని సమయం చూసి, రెండు కాగితాలూ ముందు పెట్టి, "అంకెల పక్కన ఏముందో చదవండి" అనండి. "ఆసుపత్రికి మీరూ రండి, డాక్టరు చెప్పేది మీరే వినండి" అనండి. వస్తే సగం పని అయినట్టే. రానంటే మీరు ఒక్కరే వెళ్లండి. మీ చిగుళ్లు ఆయన నమ్మకం కోసం ఆగవు.

అమ్మాయికి మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పండి. తల్లి మీద నేరం మోపిన కాగితాన్ని తన నోటితో చదివిన పిల్ల అది, ఎంత నలిగిపోయిందో. తొమ్మిదో తరగతి పిల్లకు లీటరు, మిల్లీగ్రాము తేడా బాగా తెలుసు. రెండు కాగితాలూ తన చేతికే ఇచ్చి, తేడా తననే కనిపెట్టమనండి. పెళ్లిలో జరిగింది కూడా వయసుకు తగినట్టు చెబితే రేపు తన చేతికి ఎవరైనా డబ్బీ ఇచ్చినప్పుడు గుర్తుంటుంది.

పుట్టింటికి వెళ్లడం గురించి ఒక్కటే ఆలోచించమంటాను. అక్కడ అమ్మ, మేనత్త, పిన్ని అందరి చేతిలో డబ్బీ ఉంటుందని మీరే రాశారు. మనసు బాగాలేనప్పుడు ఆ డబ్బీల మధ్య ఉండటం మీ నాలుగు నెలల కష్టానికి గండం. ఇంట్లో ఊపిరి ఆడకపోతే, చేయి చేసుకునే దాకా వస్తే, ఆ లెక్కలేవీ వద్దు, వెళ్లిపోండి. అంత లేనప్పుడు మాత్రం కొన్నాళ్లు ఆగండి. ఆరాటం మరీ ఎక్కువైతే పొగాకు మానడానికి సాయపడే జాతీయ ఉచిత నంబరు 1800-11-2356కు ఫోను చేయండి.

చివరగా మీరు అడగని మాట. ఉత్తరం రెండోసారి చదువుతున్నప్పుడు నన్ను కలవరపెట్టింది మీ అంకె కాదు, మీ అత్తగారి పెరుగన్నం. అడ్డపొగలో నిప్పు నోట్లోనే ఉంటుంది. వేడీ పొగా తిన్నగా అంగిలికి తగులుతాయి. మీకు ఇవతల ఉన్న శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనే పదివేల మందికి పైగా నోళ్లు పరీక్షించి, అడ్డపొగ తాగేవారి అంగిలిలో వచ్చే మార్పులను పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం 1971లో ప్రచురించింది. తెల్లబడటం, ఎర్రటి చుక్కలు, మచ్చలు, పుళ్లు కనబడతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. చుట్టలు తాగే ఆడవాళ్లు దీన్ని వయసుతో వచ్చే మంట అనుకుని కారం మానేస్తారు, ఆసుపత్రికి వెళ్లరు.

పగటి వెలుతురులో ఆవిడను తల వెనక్కి వాల్చి నోరు తెరవమనండి, ఫోను లైటు వేసి చూడండి. కట్టుడు పళ్లుంటే తీయించండి. తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, గట్టిగా తగిలే చోటు, మెడలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయవద్దు. ఏమీ కనబడకపోయినా కారానికి మంట ఉంది కాబట్టి డాక్టరు చూడవలసిందే. 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీ ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు రావాలో చెబుతుంది. "నువ్వు నాకు చెప్పేదానివా" అని ఆవిడ కసురుకోవచ్చు. అప్పుడు వాదించకుండా, "నా చిగుళ్లు చూపించుకోవడానికి వెళ్తున్నాను అత్తయ్యా, ఒక్కదాన్నే వెళ్లలేను, తోడు రండి" అనండి. అక్కడికి చేరాక, మీ వంతు అయిపోయాక, ఆవిడ అంగిలి కూడా చూడమని డాక్టరుతో మీరే చెప్పండి. కొడుకు మాట వింటారనుకుంటే ఈ ఒక్క పని మీవారికి అప్పగించండి. ఈ వారంలోనే వెళ్లండి.